ఎడమచేతి తొడుగులు

శీతాకాలం సాయంత్రాల్లో తక్కిన ఆడవాళ్ళు ఊలు అల్లుకుంటుంటే వెర్నా జెర్బీ రబ్బరు తొడుగులు కత్తిరించేది.

ఎడమచేతివి మాత్రమే. ఉంగరపు వేలూ చిటికెన వేలూ మొదలంటా కోసేసి, ఆ కంతలు మడిచి తెల్లదారంతో బిగించి కట్టేది. ఇరవై అయ్యాక ఖాళీ కాఫీ డబ్బాలో సర్ది, మూత మీద ‘ఎడమ’ అని రాసి గ్యారేజీలో అరమీద పెట్టేది. పక్కన ‘కుడి’ అన్న డబ్బా ఉండేది. దానితో ఆమెకు పనిలేదు. అవి కొన్నవి కొన్నట్టే ఉండేవి.

ఆమె మొగుడు ఓరిన్ ఎడమచేతికి మూడే వేళ్ళు. చెక్కల మిల్లులో పనిచేసే రోజుల్లో చిత్రికపట్టే యంత్రం ఆ రెండూ తీసుకుంది. తర్వాత మిల్లే మూతపడింది. కొండల మధ్య ఆ ఊళ్ళో ఇంకో మిల్లు లేదు, ఓరిన్ ఊరు వదిలే మనిషీ కాడు. ఇంటి గ్యారేజీలోనే తుపాకులకు పూత వేయడం మొదలుపెట్టాడు. నవంబరు చివర్లో జింకల వేట తెరుస్తారు. వానా మంచూ ఒకటిగా పడే రెండు వారాలు. ఆ తడికి తాతలనాటి తుపాకి గొట్టాలు ఎర్రగా తుప్పెక్కిపోయేవి. ఓరిన్ వాటిని విప్పి, జిడ్డు కడిగి, ఇసుకపెట్టెలో పెట్టి గాలితో ఇసుక కొట్టి పాత రంగంతా ఎగరగొట్టేవాడు. మళ్ళీ కడిగి, తీగకు వేలాడదీసి, చిన్న స్ప్రేతో మంచు పట్టినంత పల్చగా పూత కొట్టి, రెండు గంటలు ఓవెన్‌లో కాల్చేవాడు. ఆ పూత తాళంచెవితో గీకినా లేచేది కాదు.

ఆ ఓవెన్ వెర్నా కాపురానికి వచ్చినప్పుడు కొన్నది. వంటింట్లోకి కొత్తది వచ్చాక పాతది గ్యారేజీకి వెళ్ళింది. తుపాకి కాలిన పొయ్యిలో తిండి కాల్చకూడదు. ఆ కట్టుబాటు ఓరిన్ ఒక్కనాడూ తప్పలేదు. అయినా చర్చిలో విందు జరిగిన ప్రతిసారీ ఎవరో ఒకరు అడిగేవారు, “వెర్నా, ఈ యాపిల్ పై ఏ ఓవెన్లోది? పళ్ళు నల్లగా అవవు కదా?” అని. అడిగినవాళ్ళే రెండు ముక్కలు తినేవారు.

పనికి పట్టింపు ఒకటే. జిడ్డు కడిగిన ఇనుమును ఒట్టిచేత్తో తాకకూడదు. చేతి చెమట ఇనుము మీద ఉండిపోతే పైన ఎంత మంచి పూత వేసినా లోపల్లోపల తుప్పు పుట్టి, తాకినచోట తాకినట్టే పొరలు లేస్తుంది. అందుకే తొడుగులు. ఎడమ తొడుగుకు రెండు వేళ్ళు ఖాళీగా వేలాడితే అవి తడిపూతకు అంటుకునేవి. అందుకే వెర్నా కత్తెర. ఇరవై రెండేళ్ళు కత్తిరించింది. ఆ ఇంట్లో ప్రేమ గురించి ఎవరూ మాట్లాడేవారు కాదు. డబ్బా నిండుగా ఉందా లేదా అని ఆమె చూసేది, నిండుగా ఉండటం అతను చూసేవాడు.

అక్టోబరు మొదటివారంలో ఓరిన్ పోయాడు. ఊపిరితిత్తులు. వేసవంతా ఆసుపత్రిలో ఉండి, ఆగస్టు చివర్లో ఇంటికొచ్చి, ఐదువారాలు ఉన్నాడు. ఆ ఐదువారాలూ మధ్యాహ్నాలు వెర్నా బడి వంటశాలలో పనికి వెళ్ళేది. ఓరిన్ తమ్ముడు డెల్మర్ వచ్చి అన్నకు తోడుండేవాడు. వేటకు ముందు అందిస్తానని ఒప్పుకున్న తుపాకులు ఎనిమిది మిగిలి ఉన్నాయి. వెర్నా ఇంటికొచ్చేసరికి ఓరిన్ గ్యారేజీలో కుర్చీలో, ముక్కుకు ఆక్సిజన్ గొట్టంతో కూర్చుని ఉండేవాడు. తీగలకు తుపాకులు వేలాడుతుండేవి. “పనవుతోందా?” అంటే, “అవుతోంది” అనేవాడు. ఎనిమిదీ చేరాల్సిన ఇళ్ళకు చేరాయి.

అతన్ని పాతిపెట్టి నెల తిరక్కుండానే ఆ ఎనిమిదీ ఊడటం మొదలుపెట్టాయి.

ఇదివరకు ఆ ఊళ్ళో ‘ఓరిన్ పూత’ అంటే గట్టిదని అర్థం. ఇప్పుడు సరుకుల కొట్టు బోర్డుకు రంగు లేచిపోయి ఉంటే, “ఓరిన్ పూతలా ఉందే” అని ఒకడు అన్నాడు. వెనకాల వరసలో పాలడబ్బా పట్టుకుని వెర్నా ఉంది. పక్కవాడు మోచేత్తో పొడిస్తే వాడు తల వంచుకున్నాడు. డెల్మర్ మాత్రం తల వంచుకోలేదు. టిఫిన్ల హోటల్లో అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పాడట, “చివర్లో అన్నయ్యకి చేతులు వణికేవి పాపం. వద్దంటే వినేవాడా?” అని.

మనిషి పోయినందుకు ఎవరూ చేయగలిగింది లేదు. మనిషి పేరు పోతుంటే చూస్తూ ఊరుకోవడం వెర్నా వల్ల కాలేదు. కానీ ఏం చేయాలో కూడా ఆమెకు తెలియలేదు. చేతులు వణికాయేమో, ఎవరు చూశారు?

థాంక్స్‌గివింగ్ పండగ ముందు సోమవారం, పొద్దున్నే క్లేటన్ రూప్ వచ్చాడు. డెబ్బై దాటిన మనిషి. కొండమీద వేటగాళ్ళ గుడిసె ఆయనది. ఏటా ఆరుగురు మగాళ్ళు ఆ ఒక్క గదిలో రెండు వారాలు పడుకుంటారు. ముప్ఫై ఏళ్ళు ఓరిన్ మంచం అక్కడ కిటికీ పక్కన ఉండేది. ఈ ఏడు దాన్ని డెల్మర్‌కు ఇచ్చారు.

“ఏమ్మా వెర్నా, కాఫీ ఉందా, దానిమీద కూడా పూత వేసేశావా?” అన్నాడు గుమ్మంలోనే. చంకలో దుప్పటి చుట్టిన తుపాకి ఉంది, ఆ ఎనిమిదింట్లో ఒకటి.

ఆమె నవ్వలేదు. కాఫీ పోసింది.

“నిన్ను బాధపెట్టాలని కాదు,” అన్నాడు క్లేటన్ కూర్చుంటూ. “మా నాన్న తుపాకి ఇది. పక్క ఊరివాడి దగ్గరికి తీసుకెళ్తే వాడు ఊరంతా చాటుతాడు.”

“చాటడానికి ఇంకేం మిగిలింది?”

ఆయన కాఫీలో చక్కెర కలిపాడు. “నీకొచ్చుగా పని. ఓరిన్ పక్కన నువ్వు చేస్తుండగా చూశాను,” అన్నాడు.

“వచ్చు. కూలి తీసుకోను. రాత్రి ఇక్కడ ఉంచుకోను. తుపాకుల పని లైసెన్సు కాగితం ఆయన పేర ఉండేది, ఆయనతోనే పోయింది. మీరిక్కడే కూర్చోవాలి, పొద్దుగూకేలోగా పట్టుకుపోవాలి.”

“పొద్దున మా ఆవిడ లోయిస్ ఇంట్లోంచి తరిమింది. పండగ వంటకి అడ్డమట. నేనెక్కడైనా కూర్చుంటాను.”

గ్యారేజీలో దుప్పటి విప్పి, గొట్టాన్ని దీపం కిందకు తిప్పి చూసింది వెర్నా. పూత ఊడిన చోట తుప్పు ఎర్రగా, అంచులు తేటగా ఉన్నాయి. ఒకవైపు బొటనవేలి ముద్ర. రెండోవైపు వరసగా నాలుగు. చూపుడువేలు, నడిమివేలు, ఉంగరపువేలు, చిటికెన వేలు. ఎవరో కడిగిన గొట్టాన్ని ఒట్టి ఎడమచేత్తో పట్టుకుని తీగకు తగిలించి, ఆపైన పూత కొట్టారు.

ఆమె స్టూలు లాక్కుని కూర్చుంది. ఒకటికి రెండుసార్లు లెక్కపెట్టింది. నాలుగే.

“క్లేటన్,” అని పిలిచింది. “ఇలా రండి. కళ్ళజోడు పెట్టుకుని రండి.”

ఆయన వంగి చూశాడు. చాలాసేపు చూశాడు. బడికెళ్ళే పిల్లలక్కూడా తెలిసిన సంగతి అది, ఓరిన్ చెయ్యి ఎలా ఉంటుందో.

“ఓరిన్ కాదు,” అన్నాడు చివరికి, చాలా నెమ్మదిగా.

“కాదు.”

అంతలో వాకిట్లో ట్రక్కు ఆగింది. శీతాకాలానికి పొయ్యిలోకి కట్టెలు తెస్తానని డెల్మర్ మాటిచ్చి ఉన్నాడు, తెచ్చాడు. మాట తప్పే మనిషి కాదు డెల్మర్, అదే చిక్కు. కట్టెలు తెస్తాడు, మంచు తోస్తాడు, ఎవరి కారు బురదలో దిగినా ముందు వస్తాడు.

“కట్టెలు ఎక్కడ పేర్చమంటావ్ వెర్నా? ఓహో, క్లేటనూ ఉన్నాడే. పండగ పని తప్పించుకొచ్చావా ముసలోడా?” అంటూ లోపలికి వచ్చి, బల్లమీద తుపాకిని చూసి ఆగిపోయాడు.

“ఎడమచెయ్యి దీనిమీద పెట్టు,” అంది వెర్నా.

“ఎందుకు?”

“పెట్టు డెల్మర్.”

అతను క్లేటన్ వంక చూశాడు. క్లేటన్ గోడకు వేలాడుతున్న తీగల వంక చూశాడు. డెల్మర్ చలికి వేసుకున్న తొడుగు తీసి చెయ్యి పెట్టాడు. ఐదు వేళ్ళూ ఐదు మచ్చల్లో, వాటికోసమే కొలిచి కుట్టినట్టు సరిపోయాయి. చెయ్యి వెనక్కి తీసుకుని, ఫ్యాంటుకు తుడుచుకున్నాడు.

“ఆయన చేశాననే చెప్పాడు నాతో,” అంది వెర్నా.

“నీతో అలాగే చెప్పమన్నాడు. మొదటి రెండు రోజులూ కుర్చీలో కూర్చుని, ఇలా చెయ్యి అలా చెయ్యి అని చెప్పేవాడు. తర్వాత నిద్రపోయేవాడు. నోరు తెరుచుకుని. నువ్వొచ్చే వేళకి లేపమనేవాడు.” డెల్మర్ ఆ ఖాళీ కుర్చీ వంక చూశాడు. “వేటలోగా ఇస్తానన్నాను, ఇవ్వాలి అని ఏడ్చాడు వెర్నా. నేనేం చెయ్యను? పోనీలే అని కొట్టాను.”

“తొడుగు వేసుకోకుండా.”

“కుడిచేతికి వేసుకున్నా. ఎడమవన్నీ రెండు వేళ్ళూ కోసి కట్టేసి ఉన్నాయి. నాకెలా పడతాయి? నువ్వే కదా కోసిపెట్టింది.”

ఆ మాట ఆమెకు ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. ఆమె లేచి, ‘కుడి’ అన్న డబ్బాలోంచి ఒకటి తీసి, డెల్మర్ ఎడమచెయ్యి పట్టుకుని, పసివాడికి తొడిగినట్టు వేలు వేలూ సర్ది తొడిగింది.

“పట్టిందా?”

డెల్మర్ చేతిని తిప్పి చూసుకున్నాడు. “పట్టింది.”

“ఇవి ఏ చేతికైనా ఒకటే. ఆ డబ్బాలో వంద ఉన్నాయి.”

డెల్మర్ అన్నాడు, “తెలీలేదు.”

“తెలీకపోవడం తప్పు కాదు. చేతులు వణికాయని హోటల్లో చెప్పావే, అది తెలిసి చెప్పిందే.”

“మరేం చెప్పమంటావ్? ఎనిమిదిమంది తుపాకులు నేను పాడుచేశానని చెప్పనా? వాళ్ళ మధ్యే బతకాలి నేను. అన్నయ్యకి ఇప్పుడు ఎవరేమనుకుంటే ఏం?” తొడుగు పీకి బల్లమీద పడేశాడు. “కట్టెలు వరండాలో పేరుస్తాను.”

బయట కట్టెలు ఒకదానిమీద ఒకటి పడుతున్న చప్పుడు వినిపిస్తోంది. క్లేటన్ కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు.

“తుడిచెయ్యి వెర్నా,” అన్నాడు.

“ఏంటి తుడిచేది? ఆయన చెయ్యలేదనడానికి నా చేతికి వచ్చింది ఇదొక్కటే.”

“నేను చూశానుగా. శుక్రవారం ఫైర్ హాల్లో వేటకు ముందు పోసే సూప్ దగ్గర అందరూ ఉంటారు. ఓరిన్ చేసిన పని కాదని నేనే చెబుతాను, నా నోటితో. డెల్మర్ పేరెత్తకుండా చెబుతాను. ఆరుగురం ఒక్క గదిలో రెండు వారాలు పడుకోవాలి, చేతుల్లో తుపాకులుంటాయి. అక్కడికి ఈ గొట్టం పట్టుకుపోయి ఇదిగో డెల్మర్ చెయ్యి అని చూపించమంటావా? ఇంకో మాట. ఇది ఇలాగే ఈ ఇంట్లోంచి బయటికి వెళ్ళనిచ్చేవాడా ఓరిన్?” అన్నాడు.

వెళ్ళనిచ్చేవాడు కాడు. పనిలో గీత పడితే రాత్రికి రాత్రి ఊడబెరికి మళ్ళీ వేసేవాడు. ఆ పట్టుదల వల్లే కదా ఆయనకు ఆ పేరు వచ్చింది. ఆ పేరు నిలబెట్టాలంటే ఆ ముద్ర తుడిచేయాలి, తుడిచేస్తే ఆ పేరు కాచే సాక్ష్యం పోతుంది.

వెర్నా గొట్టానికి రెండు చివర్లా బిరడాలు పెట్టింది. జిడ్డు తీసే ఎసిటోన్‌తో కడిగింది. ఇసుకపెట్టెలో పెట్టి, పక్కనున్న రంధ్రాల్లోంచి చేతులు దూర్చి, గాలి తెరిచింది. చిటికెన వేలు ముందు పోయింది. తర్వాత ఉంగరపు వేలు. గాజుపలక అవతల ఒక్కొక్కటే తెల్లబడుతుంటే, ఆ రెండు వేళ్ళూ పోయాక ఒక్క క్షణం చెయ్యి ఆపింది. మిగిలినది అచ్చం ఓరిన్ చెయ్యిలా ఉంది. మళ్ళీ గాలి తెరిచింది.

సాయంత్రం నాలుగింటికి తుపాకి క్లేటన్ చేతిలో ఉంది. పూత మీద దీపం వెలుతురు ఎక్కడా విరగకుండా జారింది. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి, “ఇదీ ఓరిన్ పూత,” అన్నాడు. ఆమె వినాలనుకున్న మాట అదొక్కటే. నాలుగు రోజులు దాన్నే నెమరేసుకుంటూ బతికింది.

శుక్రవారం మధ్యాహ్నం, ఊరి ఫైరింజను ఉండే ఫైర్ హాల్లో, ఏటా లాగానే, ఆడవాళ్ళు పందిమాంసం, బీన్సు సూప్ వండారు. మగాళ్ళు కొండెక్కే ముందు అక్కడే తింటారు. వెర్నా గరిటె పట్టుకుని పెద్ద గిన్నె వెనక నిలబడింది. క్లేటన్, డెల్మర్ ముందు బల్ల దగ్గరే కూర్చున్నారు.

లారీ నడిపే కుర్రాడొకడు బల్లకు అడ్డంగా అరిచాడు, “క్లేటన్, మీ తుపాకీ ఊడిందటగా? కుబుసం విడిచిందా పాములాగా?”

“ఊడింది. మళ్ళీ వేయించాను. కొత్తదానికన్నా బాగుంది.”

“ఎవరు వేశారు?”

వెర్నా గరిటె గిన్నెలోనే ఆగింది. క్లేటన్ ఆమె వంక చూశాడు. పక్కనున్న డెల్మర్ వంక చూశాడు. రొట్టె ముక్క నోట్లో పెట్టుకుని నమిలాడు. అది మింగడానికి ఆయనకు చాలాసేపు పట్టింది.

“జెర్బీ వాళ్ళే వేశారు,” అన్నాడు.

అందరూ డెల్మర్ వైపు తిరిగారు. “నువ్వా? దాచుకున్నావే ఇన్నాళ్ళూ. నాది కూడా చూడు బాబూ, మీ అన్నయ్య చేసింది చేత్తో ఒలిస్తే వచ్చేస్తోంది,” అన్నాడొకడు. డెల్మర్ కాగితంతో మూతి తుడుచుకుని, “అబ్బే, ఏముంది అందులో,” అన్నాడు.

“అది వేసింది నేను,” అంది వెర్నా.

గొంతు పెద్దది కాదు ఆమెది. అయినా ముందు బల్లవాళ్ళు విన్నారు. లారీ కుర్రాడు నవ్వాడు, చెడ్డగా కాదు, మంచిగానే నవ్వాడు. “సర్లే వెర్నా. ఈ సూప్ కూడా ఆ ఓవెన్లోదేనా?”

“మొదటిసారి వేసింది ఓరిన్ కాదు. క్లేటన్ చూశారు. అడగండి ఆయన్ని.”

ఈసారి ఎవరూ నవ్వలేదు. క్లేటన్ గిన్నెలోకి చూస్తూ కూర్చున్నాడు. ఆయన భార్య లోయిస్ వచ్చి వెర్నా భుజం మీద చెయ్యి వేసి, చేతిలో గరిటె మెల్లిగా విడిపించింది. “రెండు నెలలు కూడా కాలేదు కదమ్మా. కాసేపు కూర్చో. నేను పోస్తాలే,” అంది. వెనకాల ఎవరో “పాపం” అన్నారు. అంతటి దయ ఎదుట చూపించడానికి ఆమె చేతిలో ఏమీ లేదు. చేతికి వచ్చిన ఒక్కదాన్నీ తనే, తన చేత్తోనే, నిగనిగలాడేలా తుడిచి ఇచ్చింది.

కోటు వేసుకుని ఇంటికి నడిచి వచ్చింది. తను తెచ్చిన యాపిల్ పై ఒక్క ముక్క కూడా మిగల్లేదని తర్వాత లోయిస్ గిన్నె తిరిగి ఇస్తూ చెప్పింది.

వేట ముగిసిన మర్నాడు డెల్మర్ వచ్చాడు. గ్యారేజీ తలుపు దగ్గరే నిలబడ్డాడు. ట్రక్కు వెనక దుప్పట్లు చుట్టిన తుపాకులు ఏడు.

“అందరూ నాకిచ్చారు,” అన్నాడు. “నువ్వు నిలబడి చూడు చాలు, నేను బరువు పనులు చేస్తాను. నీకు ఏడాదంతా కట్టెలు తెస్తాను వెర్నా. నాకు రాదు ఈ పని. నీకు తెలుసుగా రాదని.”

“వాళ్ళకి చెప్పు రాదని.”

“ఇప్పుడెలా చెబుతాను?” అని బూటుతో మంచు గీరాడు. “అన్నయ్య ఉంటే కాదనేవాడా?”

కాదనేవాడు కాదు. తలుపు బార్లా తీసి, ముందు కాఫీ పోసి, ఏడూ వరసగా బల్లమీద పెట్టించేవాడు. అది వెర్నాకూ తెలుసు. ఆ ఏడింటి మీదా ఏడు చేతిముద్రలు ఉన్నాయని కూడా తెలుసు. ఎవరికైనా చూపించవచ్చు. చూపిస్తే కళ్ళజోళ్ళు పెట్టుకుని చూస్తారు, చూసి జేబులో పెట్టుకుంటారు.

లోపలికి వెళ్ళి అరమీది డబ్బా తెచ్చి అతని చేతిలో పెట్టింది.

“తీసుకో. పద్దెనిమిది ఉన్నాయి.”

డెల్మర్ మూత తీశాడు. ఒకటి బయటికి లాగాడు. రెండు వేళ్ళు లేవు, తెల్లదారం ముళ్ళు గట్టిగా ఉన్నాయి.

“ఇవి నాకు పట్టవు కదా వెర్నా.”

“తెలుసు,” అని ఆమె తలుపు వేసుకుంది.

ట్రక్కు చాలాసేపటి దాకా కదల్లేదు. కదిలాక, గ్యారేజీ ఓవెన్ ప్లగ్గు పీకి, తీగ చుట్టి దాని మీదే పెట్టింది. కుడిచేతి డబ్బా తెచ్చుకుని వంటింట్లో గిన్నెలు తోముకోవడానికి ఒక జత తీసి వేసుకుంది. రెండు చేతులకూ సరిపోయాయి.